కొత్త తొట్టిలో చేపలు: మా సంఘం నేర్చుకున్న సంగతి

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడరు మాట్లాడిన మాటలు)



నేను పదో తరగతి దాకా చదివాను. పెద్ద పెద్ద మాటలు రావు. నన్ను ఈరోజు మాట్లాడమన్నది గేదెల గురించో, కుట్టుమిషన్ల గురించో కాదు, అద్దాల తొట్టిలో పెంచే రంగు చేపల గురించి. పులుసు పెట్టుకునే చేప మనందరికీ తెలుసు. చూసుకోవడానికి పెంచే చేప మాత్రం మా సంఘానికి కొత్త. అందులో మేము నష్టపోయాం. చేపల విషయంలో ఒక తప్పు చేశాం, మా సంఘంలో ఒక మనిషి విషయంలో ఇంకో తప్పు చేశాం. రెండూ దాచకుండా చెప్తాను.

పోయిన దసరా దాటినాక మా సంఘంలో ముగ్గురం కలిసి పదిహేను వేలు అంతర్గత అప్పు తీసుకున్నాం. రెండు అద్దాల తొట్లు, స్టాండు, గాలి మోటార్లు, స్పాంజి ఫిల్టర్లు, నలభై చేపలు కొన్నాం. గప్పీలు, మోలీలు, కొన్ని గోల్డ్ ఫిష్‌లు. పిల్లలు పెడితే పెంచి టౌన్లలో షాపులకు అమ్మాలని మా ఆలోచన. తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నిండా పోస్తే యాభై ఆరు లీటర్లు పడుతుంది, మేము యాభై దాకా పోశాం. పొద్దున నీళ్లు పోసి, సాయంత్రానికి నలభై చేపలూ వదిలేశాం. అమ్మినతను అట్టా చేయొద్దని చెప్పలేదు, మేమూ అడగలేదు.

నాలుగు రోజులు బాగానే ఉన్నాయి. చుట్టుపక్కల పిల్లలంతా వచ్చి చూసిపోయేవాళ్లు. ఐదో రోజు చేపలు మేత తినలేదు. ఆరో రోజు పొద్దున పైకి వచ్చి నోర్లు తెరుచుకుని గాలి పీలుస్తన్నాయి. ఆ రోజు ఆరు చచ్చాయి. పన్నెండో రోజుకు నలభైలో ముప్పై ఒకటి పోయాయి. గోల్డ్ ఫిష్ ఒక్కటి మిగల్లేదు. నీళ్లు చూస్తే అద్దంలాగా తేటగా ఉన్నాయి. ఇంక కారణం ఏందని వెతుక్కోవాలి?

అప్పుడు మీటింగులో ఒకరు అన్నారు, "తొట్టిలో మొదటి బిందె పోసింది ఎవరు?" అని. పోసింది మా ముగ్గురిలో చిన్నామె. ఆమెకు భర్త పోయి రెండేళ్లు. ఇంకొకరు, "మంచి పనికి ముందు ఆమె చెయ్యి ఎందుకు పెట్టించారు" అన్నారు. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. లేచి చెంగుతో కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. నేను లీడర్ని. నేను కూడా మాట్లాడలేదు. నా మనసులో కూడా ఆ అనుమానం ఏదో మూల ఉన్నట్టుంది, అందుకే నోరు రాలేదు. తర్వాత రెండు మీటింగులకు ఆమె రాలేదు. పొదుపు డబ్బులు కూతురు చేతికిచ్చి పంపింది.

మా తమ్ముడు సముద్రం వైపు రొయ్యల చెరువుల్లో పని చేస్తాడు. వాడు ఇంటికి వచ్చి తొట్లు చూసి, "ఏందక్కా, నీళ్లు టెస్టు చేపించారా?" అన్నాడు. చూడ్డానికి తేటగా ఉన్న నీళ్లకు టెస్టు ఎందుకురా అన్నాను. రొయ్యల రైతులు నీళ్ల రంగు చూసి నమ్మరంట, సీసాలో పట్టుకుని ల్యాబుకు పోతారంట. వాడు నెల్లూరు నుంచి చుక్కల మందుల కిట్టు తెచ్చాడు. చిన్న గాజు గొట్టంలో మా తొట్టి నీళ్లు పోసి చుక్కలు వేశాడు. మంచి నీళ్లయితే పసుప్పచ్చగా ఉండాలి. మావి ముదురు ఆకుపచ్చకు తిరిగాయి. అది అమ్మోనియా. అది కంటికి కనపడదు.

అదెట్టా వచ్చిందో వాడు చెప్పిందీ, తర్వాత మేము తెలుసుకున్నదీ చెప్తాను. చేప ఊపిరి తీసేటప్పుడు మొప్పల్లో నుంచి అమ్మోనియా వదుల్తుంది. దాని పెంట, మిగిలిపోయిన మేత కుళ్లినా అమ్మోనియానే. చెరువు పెద్దది, అందులో మట్టి ఉంది, పాచి ఉంది, కంటికి కనపడని సూక్ష్మజీవులు ఉన్నాయి. అవి ఆ విషాన్ని తినేస్తాయి. కొత్త తొట్టిలో ఆ జీవులు లేవు. యాభై లీటర్ల నీళ్లలో ఇరవై చేపలు విడిస్తే, అవి వదిలిన విషంలోనే అవి మునిగిపోతాయి.

ఆ జీవులు రెండు రకాలు. మొదటి రకం అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. నైట్రైటు కూడా విషమే, అది చేప రక్తంలోకి పోతే రక్తం గాలిని మోయలేదు. రెండో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు కొంచెం ఉన్నా చేపకు ప్రమాదం లేదు. ఈ రెండు రకాలూ స్పాంజిలో, గులకరాళ్ల మీద, అద్దానికి అంటుకుని పెరగాలి. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాలు తోడుపెట్టి గంటలోనే పెరుగు కావాలంటే అవుతుందా? ఇదీ అంతే.

మరి మా తొట్టిలో ఏం జరిగింది? రోజుకు మూడుసార్లు మేత వేసింది నేను. పాపం ఆకలేస్తదని గుప్పెడు వేసేదాన్ని. మురికి పట్టిందని నాలుగో రోజు స్పాంజిని కుళాయి కింద పెట్టి పిండి పిండి కడిగింది కూడా నేనే. అప్పుడప్పుడే పుట్టే జీవులు ఏవైనా ఉంటే వాటిని కాలవలోకి పంపించాను. బిందె పోసిన చేతి తప్పు ఏమీ లేదు. తప్పంతా మేత వేసిన చేతిది, నా చేతిది.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి పోయాను. కిట్టు కూడా తీసుకుపోయాను. రంగు చూపించి, "నన్ను మన్నించమ్మా, నిన్ను అన్నప్పుడు నేను నోరు తెరవలేదు" అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మిగిలిన తొమ్మిది చేపలు బతుకుతాయా అక్కా?" అని అడిగింది. తర్వాతి మీటింగులో అందరి ముందూ నా తప్పు చెప్పి తీర్మానం పుస్తకంలో రాయించాను. నష్టానికి కారణం అమ్మోనియా అనీ, సభ్యురాలి మీద వేసిన నింద తప్పు అనీ రాశాం. అందరూ సంతకాలు పెట్టారు. ఆ మాట అన్న ఇద్దరూ పెట్టారు.

ఇప్పుడు చేపలు ఇప్పటికే వదిలేసిన తొట్టిని ఎట్టా కాపాడుకోవాలో, మేము చేసింది చెప్తాను. మీ ఇంట్లో పిల్లలు ముచ్చటపడి తొట్టి కొన్నా పనికొస్తుంది.

మొదటిది, చేపలు తక్కువ ఉండాలి. యాభై లీటర్లకు నాలుగైదు చిన్న చేపలు చాలు. మావి తొమ్మిదే కాబట్టి ఒక తొట్టిలో ఐదు, ఒకదాంట్లో నాలుగు పెట్టాం. మన బోరు నీళ్లు కఠినం. గప్పీలు, మోలీలు అట్టాంటి నీళ్లను బాగా ఓర్చుకుంటాయి. గోల్డ్ ఫిష్ ఎక్కువ పెంట వేస్తుంది, కొత్త తొట్టికి పనికిరాదు.

రెండోది మేత. రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేటంత. టెస్టులో విషం ఎక్కువ కనపడిన రోజు అసలు వేయొద్దు. ఒకటి రెండు రోజులు మేత లేకపోతే చేప చావదు.

మూడోది టెస్టు. ప్రతి రోజూ అమ్మోనియా, నైట్రైటు రెండూ చూడాలి. కిట్టుతో ఇచ్చే రంగుల చార్టులో పావు దాకా ఉంటే ఓర్చుకోవచ్చు. అర దాటితే వెంటనే నీళ్లు మార్చాలి. మన బోరు నీళ్లకు పీహెచ్ ఎక్కువ, అట్టాంటి నీళ్లలో అమ్మోనియా విషం ఇంకా గట్టిగా పని చేస్తుంది. అందుకని రేపు చూద్దాంలే అనుకోకూడదు.

నాలుగోది నీళ్లు మార్చడం. మొదట రోజూ పావు వంతు తీసి కొత్తవి పోశాం. విషం ఎక్కువ ఉన్న రోజు సగం మార్చాం. ఓవర్‌హెడ్ ట్యాంకులో బ్లీచింగు కలుపుతారు కదా, ఆ క్లోరిన్ చేప మొప్పల్ని కాలుస్తుంది, మంచి జీవుల్నీ చంపుతుంది. అందుకే వెడల్పాటి టబ్బులో ఒక రోజంతా నిలవ ఉంచి, ఆ నీళ్లే పోయాలి. కొత్త నీళ్ల వేడి, తొట్టి నీళ్ల వేడి సమానంగా ఉండాలి. మేము తాగే ప్లాంటు నీళ్లు పోద్దామా అని ఒకరు అడిగారు. వద్దు. ఆ నీళ్లలో ఖనిజాలు తీసేసి ఉంటారు, వాటితోనే నింపితే పీహెచ్ పడిపోయి జీవుల పని మందగిస్తుంది.

ఐదోది ఉప్పు. నైట్రైటు పెరిగినప్పుడు లీటరుకు ఒక గ్రాము కల్లుప్పు, అంటే యాభై లీటర్లకు యాభై గ్రాములు, చెంబులో కరిగించి మెల్లగా పోశాం. ఉప్పు నైట్రైటును తీసేయదు, చేప రక్తంలోకి పోకుండా అడ్డుపడుతుంది. పావు వంతు నీళ్లు మారిస్తే ఉప్పు కూడా పావు వంతే మళ్లీ కలపాలి. గప్పీలు, మోలీలకు ఇది సరిపోతుంది, అన్ని చేపలూ ఉప్పును ఓర్చుకోవు.

ఆరోది, గాలి మోటారు రాత్రీ పగలూ తిరగాలి. ఆ జీవులకు కూడా గాలి కావాలి. కార్తీకంలో ఒక రాత్రి వాన పడి కరెంటు పోతే, మేము ముగ్గురం వంతులు వేసుకుని చెంబుతో నీళ్లు పైకెత్తి పోస్తా కూర్చున్నాం. తర్వాత బ్యాటరీ మోటారు ఒకటి కొన్నాం. స్పాంజిని కుళాయి కింద కడగొద్దు. తొట్టిలో నుంచి తీసిన నీళ్లలోనే ఒకసారి ముంచి పిండితే చాలు.

రోజూ టెస్టు చేసి లెక్క రాసింది ఆ చిన్నామే. పొదుపు పుస్తకంలాగా గడులు గీసి తేదీ, అమ్మోనియా, నైట్రైటు, ఎన్ని నీళ్లు మార్చాం, ఎంత మేత వేశాం, అన్నీ రాసింది. అమ్మోనియా తగ్గుతా వచ్చిందని సంతోషపడే లోపల నైట్రైటు పెరిగింది. ఇరవయ్యో రోజు ఇంకో చేప పోయింది. అప్పుడు ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. పుస్తకం తీసి ముందు రోజు లెక్క చూశారు. చేపలు వదిలిన ముప్పై ఆరో రోజు రెండూ సున్నా వచ్చాయి, నైట్రేటు కనపడింది. వారం రోజులు అట్టాగే సున్నా ఉన్నాకనే నాలుగు కొత్త చేపలు తెచ్చాం. అవి కుదురుకున్నాక ఇంకో నాలుగు.

ఇప్పుడు వారానికి ఒకసారి పావు వంతు నీళ్లు మారిస్తే చాలు. ఉప్పు లేని పాత నీళ్లు వంగ మొక్కలకు పోస్తే బాగా పని చేస్తున్నాయి. మోలీలు పిల్లలు పెట్టాయి. మూడో తొట్టి పెట్టినప్పుడు పాత తొట్టి స్పాంజిని సగం కోసి, తడి ఆరకుండా తెచ్చి అందులో పెట్టాం, పెరుగు తోడు వేసినట్టు. అది పది రోజుల్లోనే కుదిరింది. మీరు కొత్తగా పెట్టేటట్టయితే జబ్బు లేని పాత తొట్టి ఎవరింట్లో ఉందో అడిగి, ముందు స్పాంజి ముక్క తెచ్చుకోండి. ఇంకా మంచిది, చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేసి, టెస్టులో అమ్మోనియా వచ్చి, పోయి, నైట్రైటు కూడా వచ్చి పోయేదాకా ఆగి, అప్పుడు చేపలు కొనండి.

అప్పులో ఇంకా నాలుగు వేలు ఉంది. వాయిదా ఒక్కటీ తప్పలేదు, కానీ మొదటి నాలుగు వాయిదాలు మా కూలి డబ్బుల్లో నుంచి కట్టాం. అది కూడా చెప్పాలి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద పథకంలో ఇంటి దగ్గర రంగు చేపల యూనిట్లకు కూడా సాయం పెట్టారు, మహిళలకు అరవై శాతం సబ్సిడీ పెట్టారు. అట్టాంటి సాయానికి అర్జీ పెట్టాలనుకునే అక్కలు, ముందు ఒక్క తొట్టి పెట్టి రెండు నెలలు లెక్క రాసుకుని, తర్వాత పెద్ద అప్పు తీసుకోండి.

చివరిగా ఒక మాట. మన పక్కనే కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. మన తలరాత ఇంతేలే అని వాళ్లు ఊరుకోలేదు. ఇల్లు గుల్లయ్యేది సారా వల్ల అని కారణం పట్టుకున్నారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. ఆ తర్వాతే మన నెల్లూరు జిల్లాలో రోజుకు రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు లేచాయి. అట్టాంటి జిల్లాలో పుట్టిన సంఘం మాది, నష్టం రాగానే ఒక ఆడబిడ్డ బొట్టు వైపు చూసింది. ఇకమీదట గేదె చచ్చినా, పంట పోయినా, చేప తేలినా, ముందు నీళ్లు చూద్దాం, మేత చూద్దాం, లెక్క చూద్దాం. మనలో మనిషి మీద వేలు చూపించొద్దు.

టెస్టు కిట్టు, ఆమె రాసిన పుస్తకం రెండూ ఇక్కడికి తెచ్చాం. మీటింగు అయిపోయాక వచ్చి చూడండి. టెస్టు ఎట్టా చేయాలో ఆమే చూపిస్తుంది.