కొలువు మారుటకు స్వాతంత్ర్యము
(ఒక పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



ఉన్న కొలువు విడువక, అంతకు మేలైన కొలువునకై వెదకువానిని మన పట్టణములలో నేటికిని అనుమానముతో చూచుచున్నారు. ఉప్పు తిన్న యింటికి ద్రోహము తలపెట్టినాడని యజమాని యనును. ఉన్నది కాస్తా ఊడగొట్టుకొందువని యింటివారు భయపెట్టుదురు. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, తల్లిదండ్రుల మందులు అన్నియు ఒక్క నెలజీతముపై వ్రేలాడుచుండ, పని మానుకొని పని వెదకుట కలవారికి చెల్లును గాని మనబోంట్లకు చెల్లునా? ఇందు ద్రోహమేమో మాకు తెలియకున్నది. యజమాని కొన్నది మన పనిని, మనలను గాదు.

ఈ మాట చెప్పుకొనగలుగుట ఊరక వచ్చినది కాదు. 1859వ సంవత్సరపు 13వ చట్టమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. బయానా పుచ్చుకొన్న పనివాడు ఒడంబడిక ప్రకారము పని చేయకున్నచో యజమాని మేజిస్ట్రేటునకు ఫిర్యాదు చేయవచ్చును. మేజిస్ట్రేటు ఆజ్ఞను మీరిన పనివానికి 3 నెలలవరకు చెర! కలకత్తా, మదరాసు, బొంబాయి నగరములకై పుట్టిన యీ చట్టము పిదప తేయాకు తోటలకును ప్రాకినది. 1925లో గాని దానిని రద్దు చేయలేదు.

చిత్రమేమనగా, ఆ దొరతనమువారే 1872లో చేసిన ఒప్పందముల చట్టపు 27వ సెక్షను, న్యాయమైన వృత్తిని చేయరాదని ఎవనినైనను కట్టడిచేయు ఒడంబడిక ఆ మేరకు చెల్లదని చెప్పుచున్నది. అది నేటికిని అమలులో నున్నది. ఒప్పందకాలము ముగిసిన తరువాతి నిర్బంధము చెల్లదని 2006లో, జహీర్ ఖాన్ అను క్రికెట్ ఆటగాని వ్యాజ్యమున, సుప్రీంకోర్టు ప్రకటించినది. కొలువు సాగుచుండగా పోటీదారునకు పనిచేయుట మాత్రము వేరు సంగతి. అట్టి కట్టడి చెల్లునని 1967లోనే తీర్పు కలదు. పగలు ఒకరి జీతము తిని, వారి ఖాతాదారుల పట్టికను రాత్రి మరియొకరికి చేరవేయువాని పక్షమున మేము వాదింపము.

ఇక బాండుల మాట. 3 ఏండ్లు నిండకముందే రాజీనామా చేసినచో 2 లక్షల రూపాయలు చెల్లింపవలెనను ఒక ప్రభుత్వరంగ బ్యాంకు షరతును 2025లో సుప్రీంకోర్టు సమర్థించినది. దీనిని చూపి ప్రతి చిల్లర సంస్థయు బెదరింప మొదలిడినచో బెదరవలదు. బాండులో వ్రాసిన మొత్తము పై హద్దు మాత్రమే. సబబైన పరిహారమునకు మించి ఇప్పింపరాదని 74వ సెక్షను శాసించుచున్నది. ఇష్టము లేనివానిచేత కొలువు చేయింపుమని కోర్టు ఉత్తరువీయదు.

వీటన్నింటికంటె నీచమైనది సర్టిఫికెట్ల తాకట్టు. కొన్ని ప్రైవేటు కళాశాలలు చేరిననాడే అధ్యాపకుని అసలు పత్రములను "భద్రము కొరకు" పుచ్చుకొనును. విడిచిపోవుదు ననగానే 3 నెలల జీతము కట్టుమనును. అట్టి అధ్యాపకు డొకడు మా యొద్దకు వచ్చెను. మా నోటీసు అందిన వారమునకే పత్రములు చేతికి వచ్చినవి. కాని క్రొత్తచోట చేరు గడువు అప్పటికే దాటిపోయినది. పట్టా చదివినవాని సొత్తు. నకలు ఇండు, అసలును చూపుడు, మరల సంచిలో పెట్టుకొనుడు.

హైదరాబాదు సాఫ్టువేరు కార్యాలయములలో 90 దినముల నోటీసు పరిపాటియైనది. క్రొత్త యజమానియో 30 దినములలో రమ్మనును. నడుమ నలిగిన యువకులు కొందరు చెప్పకుండ మాయమగుచున్నారు, ఇది తగదు. రాజీనామాను వ్రాతమూలకముగా ఇచ్చి, అందినట్లు రసీదు పొందుడు. 2025 నవంబరు 21 నుండి అమలైన వేతనముల కోడు ప్రకారము, రాజీనామా చేసినవాని జీతపు బాకీని 2 పనిదినములలో చెల్లింపవలెను. గ్రాట్యుటీకి సామాన్యముగా 5 ఏండ్ల సేవ కావలెను గనుక, 4 ఏండ్లు దాటినవారు తేదీ చూచుకొని కదలుట మేలు.

మన ఇటుకబట్టీలలో మాత్రము 1859 ఇంకను చావలేదు. అడ్వాన్సు తీరువరకు మరియొక బట్టీకి పోరాదని కుటుంబములను కట్టిపడవేయుచున్నారు. అప్పు పేర ఉద్యోగస్వేచ్ఛను హరించుట వెట్టిచాకిరియే యని 1976 నాటి చట్టము స్పష్టముగా చెప్పినది; ఆ అప్పును రద్దు చేసినది. దానిని అమలుపరచు భారము జిల్లా కలెక్టరుది. మీ వీధిలో అట్టివా రున్నచో ఆదివారము సాయంకాలము ఇక్కడకు తోడ్కొని రండు. అర్జీ మేము వ్రాసి యిచ్చెదము, రుసుము లేదు.