విస్కీ కొలత

మా బళ్ళారి వైపు పెళ్ళి విడిదుల్లో విస్కీ స్టీలు గ్లాసుల్లోనే పోస్తారు. అందులో కొలత ఎలా కనబడుతుంది? చిన్న పెగ్గు 30 మి.లీ., పెద్దది 60. ఏమీ కలపకుండా, లేదా ఐసుతో తాగేవారు 30తో ఆగుతారు. సోడా పోసేవారు గ్లాసు పెద్దదని 60 వంచుతారు. నీళ్ళు కలిపితే ఘాటు తగ్గుతుంది గానీ, కడుపులోకి వెళ్ళే సారా తగ్గదు. 42.8 శాతం విస్కీ అయితే 30 మి.లీ.లో సుమారు 10 గ్రాముల ఆల్కహాలు, 180 మి.లీ. క్వార్టరులో 60.

కిందటేడు మా బావగారు "రెండు గ్లాసులే కదా!" అంటూ బండి తాళం అడిగారు. చూస్తే క్వార్టరు ఖాళీ. తాళం నా జేబులోనే ఉంచుకున్నాను. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడాయన దగ్గుమందుతో వచ్చిన కొలత మూతతో ముందు విస్కీ కొలుస్తారు, సోడా ఆ తర్వాతే.