వారానికి ఒక్కనాడే గదా అంటే కార్జం ఊకుంటదా?

(గ్రామ కమిటీల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన మీటింగుల్ల మద్దతు ధర గురించి మాట్లాడుకుంటం, కాంటాల తరుగు గురించి మాట్లాడుకుంటం, యూరియా లైన్ల గురించి మాట్లాడుకుంటం. ఇయ్యాల నేను బీరు సీసా గురించి మాట్లాడుత. వెనుక కూసున్న తమ్ముళ్లు నవ్వుతున్నరు. నవ్వుండ్రి, గని చివరిదాక వినుండ్రి.

ఎందుకు మాట్లాడాల్నంటే, ఊర్లల్ల తాగుడు రూపం మారింది. మా తండ్రుల కాలంల సారా, కల్లు. తర్వాత గుడుంబా. ఇప్పుడు ముప్పై, నలభై ఏండ్ల రైతు చేతుల బీరు సీసా ఉన్నది. ఆయన రోజూ తాగడు. ఆదివారం, అంగడి నాడు, వడ్ల పైసలు ఖాతాల పడ్డనాడు, దావత్ నాడు తాగుతడు. "నేను తాగుబోతునా? వారానికి ఒక్కనాడు, అది గూడ బీరే" అంటడు. ఇంట్ల అక్క గూడ "మా ఆయన బీరే తాగుతడు, మందు ముట్టడు" అని చెప్తది. ఈ "బీరే గదా" అనే మాట మీదనే నేను మాట్లాడేది.

2019–21ల కేంద్ర ప్రభుత్వం చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల మన తెలంగాణల పదిహేనేండ్లు దాటిన మొగోళ్లల్ల నూటికి 43 మంది తాగుతరని తేలింది. దేశం మొత్తం మీద చూస్తే నూటికి 19 మందే. అంటే దేశం లెక్కకు రెండింతల కంటె ఎక్కువ. ఇది మనం గొప్పగా చెప్పుకునే లెక్క కాదు.

సీసా లెక్క

మనం వడ్లు అమ్మితే తేమ ఎంత, తరుగు ఎంత అని అడుగుతం. సీసా కొంటే అండ్ల ఏమున్నదని అడుగం. ఇప్పుడు లెక్క చేద్దాం.

పెద్ద బీరు సీసా 650 మిల్లీలీటర్లు. స్ట్రాంగ్ బీరుల ఆల్కహాలు నూటికి ఎనిమిది పాళ్ల దాక ఉంటది. అంటే ఒక్క సీసాల 52 మిల్లీలీటర్ల ఆల్కహాలు. తూకం ల చెప్తే సుమారు 41 గ్రాములు. విస్కీ 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గుల ఉండేది 20 గ్రాములు. అంటే ఒక స్ట్రాంగ్ బీరు రెండు పెద్ద పెగ్గులకు సమానం. మూడు బీర్లు తాగిన తమ్ముడు ఆరు పెద్ద పెగ్గులు తాగినట్టు. రెండు క్వార్టర్ల విస్కీ లెక్క అది. ఇప్పుడు చెప్పుండ్రి, "మందు ముట్టడు" అన్న మాట నిజమేనా? లైట్ బీరుల తక్కువుంటది, అయినా ఒక్కో సీసాకు 25 గ్రాముల దాక పోతది.

ఒక్క కూర్చుడుల 60 గ్రాములు దాటితే దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ అతిగా తాగుడు కిందనే లెక్క కడుతది. స్ట్రాంగ్ బీరు సీసన్నర తాగితే ఆ గీత దాటినట్టే. మన దావతుల సీసన్నర దగ్గర ఆగేటోళ్లు ఎందరు?

కార్జం చేసే పని

యాటను కోసినప్పుడు కార్జం అందరం చూసినం. మెత్తగ, నున్నగ, ముదురు ఎరుపు ఉంటది. మనిషి కార్జం గూడ అట్లనే. డాక్టర్లు కాలేయం అంటరు, సుమారు కిలోన్నర తూగుతది. తిన్న తిండిని శక్తిగ మార్చేది అదే, ఒంట్లకు పోయిన విషాన్ని విరిచేది అదే, దెబ్బ తాకితె రక్తం గడ్డకట్టే పదార్థాలు తయారు చేసేది గూడ అదే.

మనం తాగిన ఆల్కహాలును కూడ అదే విరుస్తది. కాని దానికొక వేగం ఉన్నది. గంటకు సుమారు ఎనిమిది నుంచి పది గ్రాములు. చిన్న మోరీ అనుకోండ్రి. ఎంత వరద వచ్చినా ఆ మోరీల నుంచి పోయే నీళ్లు అంతే. మూడు స్ట్రాంగ్ బీర్లు అంటే 120 గ్రాములకు పైనే. అది దిగాల్నంటే పన్నెండు గంటలు దాటుతది. ఆదివారం రాత్రి పది గంటల దాక తాగినోడు సోమవారం పొద్దున మత్తు దిగిందనుకోని ట్రాక్టర్ ఎక్కుతడు, తడి చేతులతోని స్టార్టర్ డబ్బా ముట్టుకుంటడు. ఒంట్ల ఇంకా మందు ఉన్నదని ఆయనకు తెల్వది.

ఈ విరిచే పనిల పుట్టే పదార్థం ఆల్కహాలు కంటె విషం. అది కార్జం కణాలను దెబ్బతీస్తది. ముందుగాల కొవ్వు పేరుకుంటది. బాగ తాగేటోళ్లల్ల నూటికి తొంభై మందికి ఈ కొవ్వు కనబడుతది. తాగుడు ఆపితే కొన్ని వారాలల్ల తగ్గుతది. ఇది మనకు దొరికిన వరం. ఆపకపోతే వాపు వస్తది. వాపు మీద వాపు వస్తే మచ్చలు పడి, మెత్తటి కార్జం గట్టిపడి గడ్డలు గడ్డలు అయితది. దాన్నే సిర్రోసిస్ అంటరు. అక్కడికి పోయినంక వెనుకకు వచ్చుడు కష్టం.

బాధ ఏందంటే, కార్జం లోపల నొప్పి తెలిపే నరాలు లేవు. పంటి నొప్పి లెక్క అది అరవది. మనిషి పనిచేస్తనే ఉంటడు, లోపల అది పాడైతనే ఉంటది. బయటకు కనబడేసరికి కండ్లు పచ్చగైతయి, కాళ్లు ఉబ్బుతయి, కడుపుల నీరు చేరుతది, దొడ్డికి నల్లగ పోతది, రక్తం కక్కుతరు. అప్పుడు పసరు మందు కోసం ఊర్లు తిరుగుతరు. పచ్చకామెర్లకు పసరు పోసుకుంట కూసుంటే ఉన్న టైము గూడ పోతది. రక్తం కక్కినా, దొడ్డికి నల్లగ పోయినా అదే గంటల పెద్ద దవాఖానకు పోవాలె.

అందరికీ ఇట్లనే అయితదా? కాదు. ఎక్కువ తాగేటోళ్లల్ల సిర్రోసిస్ దాక పోయేది నూటికి పది నుంచి ఇరవై మంది. కాని ఆ పదిలో తను ఉంటడో లేడో ఎవరూ ముందుగ చెప్పలేరు. షుగర్ ఉన్నోళ్లకు, పొట్ట పెరిగినోళ్లకు, హెపటైటిస్ బి, సి ఉన్నోళ్లకు ప్రమాదం ఎక్కువ. ఆడోళ్లకు తక్కువ తాగినా తొందరగ దెబ్బ తాకుతది.

మన ఊర్ల మాటలు

ఒకటి, "బీరు చలువ చేస్తది." ఆదిలాబాద్ ఎండల బీరు గొంతుకు చల్లగుంటది, నిజమే. గని అండ్ల ఉన్న ఆల్కహాలు ఉచ్చ ఎక్కువ పోయిస్తది. ఎండకు ఎండిన ఒంటికి ఇది ఇంకింత ఎండబెట్టుడే. చలువ కావాల్నంటే సల్ల తాగుండ్రి, అంబలి తాగుండ్రి.

రెండు, "కిడ్నీల రాళ్లు పడిపోతయి." ఉచ్చ ఎక్కువ వస్తది గనుక ఈ మాట పుట్టింది. ఆ పని నీళ్లు ఇంకా మంచిగ చేస్తయి, పైసలు గావు.

మూడు, "మందు కొట్టి వచ్చినంక ఒక బీరు తాగితే విషం కడుక్కపోతది." పత్తి చేన్ల పురుగు మందు పిచికారీ చేసి వచ్చి ఈ మాట అంటరు. ఇది అన్నిటికంటె ప్రమాదం. ఒంట్లకు పోయిన పురుగు మందును విరిచేదీ కార్జమే, బీరును విరిచేదీ కార్జమే. ఒక్క ఎద్దుకు రెండు బండ్లు కడుతమా? పైగా తల తిరిగినా, వాంతి వచ్చినా తాగినందుకే అనుకోని దవాఖానకు పోరు. పిచికారీ చేసినంక సబ్బుతోని స్నానం చేయాలె, బట్టలు మార్చాలె, కడుపు నిండ తినాలె. అంతే.

నాలుగు, ఒళ్లు నొప్పుల గోలీలు. తాగిన మర్నాడు తలనొప్పికి పారాసిటమాల్ రెండు, మూడు వేసుకుంటరు. బాగ తాగేటోళ్లకు ఆ గోలీ మోతాదు మించితే కార్జం మీదనే పడుతది. డాక్టర్‌ను అడగకుండ వేసుకోవద్దు.

పైసల లెక్క

సీసా 200 రూపాయలనుకుందాం. బెల్టు షాపుల ఇంకా ఎక్కువే తీసుకుంటరు. వారానికి మూడు సీసలంటే 600. ఏడాదికి 31,200. 2025–26ల ఏ గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాల్‌కు 2,389 రూపాయలు. అంటే పదమూడు క్వింటాళ్ల వడ్లు. కాలువ కింద అరెకరం పంట సీసలల్ల పోసినట్టు. రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000. రెండున్నర ఎకరాల రైతు భరోసా తీసుకపోయి వైన్స్‌ల కట్టినట్టు. సర్కారు ఈ చేత్తోని ఇచ్చి ఆ చేత్తోని తీసుకుంటున్నది.

దవాఖాన ఖర్చు ఇందుల కలపలే. కడుపుల నీరు చేరినంక ఆదిలాబాద్ రిమ్స్ నుంచి హైదరాబాద్ దాక తిరిగే ఇంటికి ఒక ఎకరం నిలుస్తదా? రైతు బీమా ఉన్నది గదా అంటరు. అది పట్టా పాసుబుక్కు ఉన్నోళ్లకు, అది గూడ 59 ఏండ్ల దాకనే. కౌలు రైతుకు అది గూడ లేదు. ఐదు లక్షల కోసం మనిషిని పోగొట్టుకునే సంసారం బాగుపడ్డట్టా?

సర్కారు పాత్ర

తాగెటోన్ని తిట్టి చేతులు దులుపుకుంటే సంఘం పని అయిపోదు. రాజ్యాంగం 47వ అధికరణం మత్తు పానీయాలను మాన్పించే దిక్కు పనిచేయమని సర్కారుకు చెప్తున్నది. జరుగుతున్నదేంది? రాష్ట్రంల 2,620 వైన్స్ షాపులు. 2023ల ఆ షాపుల కోసం లక్షా ముప్పై వేలకు పైగ దరఖాస్తులు వచ్చినయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని ఫీజు రెండు లక్షలు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్లు దాటి వచ్చినయి. 2025ల ఆ ఫీజు మూడు లక్షలు చేసిన్రు. అంత కట్టినోడు ఊరూరికి బెల్టు షాపు పెట్టి అమ్మకుండ ఊకుంటడా? కిరాణం దుకాణంల సబ్బు పక్కన సీసా దొరికితే పిల్లగాడు నేర్చుకోకుండ ఉంటడా?

1992ల నెల్లూరు జిల్లా దూబగుంటల రాత్రి బడికి పోయిన అక్కలు సారా దుకాణం మూయించిన్రు. రోశమ్మ లాంటి సాధారణ మహిళలు ముందు నడిచిన్రు. ఆ ఉద్యమం రాష్ట్రమంత పాకి 1993 అక్టోబర్ 1 నుంచి సారా బంద్ అయ్యింది. 1995ల సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997ల ఎత్తేసిన్రు. దానినుంచి మనం రెండు నేర్చుకోవాలె. ఊరు లేస్తే దుకాణం మూతపడుతది. ఊరు పండుకుంటే వేరే పేరుతోని మల్ల తెరుచుకుంటది.

మనం చేయవలసినవి

తమ్ముళ్లారా, ఆపగలిగినోళ్లు పూర్తిగ ఆపుండ్రి. ఇంత తాగితే ఏం కాదు అనే లెక్క లేదని 2023ల ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగ చెప్పింది. కాని రోజూ, బాగ తాగేటోళ్లు ఒక్కసారిగ ఇంట్లనే బంద్ పెట్టొద్దు. చేతులు వణుకుతయి, ఫిట్స్ వస్తయి, ప్రాణం మీదికి వస్తది. డాక్టర్ దగ్గర మందులతోని మానాలె. తాగుడు మాన్పించే సలహాకు 14446 నంబరు ఉన్నది, మనసు బాగలేకపోతే 14416 ఉన్నది. రెండూ ఫ్రీ.

నలభై దాటిన ప్రతి తాగే రైతు కార్జం రక్త పరీక్ష చేయించుకోవాలె. పీహెచ్‌సీల నమూనా ఇస్తే జిల్లా డయాగ్నస్టిక్ కేంద్రంల పైసలు లేకుండ చేస్తరు. తాగే సంగతి డాక్టర్‌తోని దాచొద్దు.

ఈ సమావేశం ముందు నాలుగు తీర్మానాలు పెడుతున్న. ఒకటి, మన సంఘం కార్యక్రమాలల్ల, దావతులల్ల సీసా ఉండొద్దు. రెండు, బెల్టు షాపుల లిస్టు ఊరివారీగ రాసి ఆబ్కారీ శాఖకు, కలెక్టర్‌కు ఇచ్చి, మూసేదాక వెంటపడాలె. మూడు, జిల్లా దవాఖానలల్ల తాగుడు మాన్పించే వార్డు, డాక్టర్, మందులు ఉండాల్నని అడగాలె. నాలుగు, ఎన్నికలప్పుడు సీసలు పంచినోనికి ఓటు లేదని గ్రామ కమిటీ తరఫున చెప్పాలె.

అప్పుల కోసం, ధర కోసం కొట్లాడెటోడు బతికి ఉండాలె గదా. ఒక్కొక్క తీర్మానం చదువుత, చేతులెత్తుండ్రి. ముందుగాల వెనుక కూసున్న తమ్ముళ్లు.