ఇరవై నిమిషాల గాజు గొట్టం

వైనతేయ గోదావరికి పెద్ద వరద వస్తే అప్పనపల్లి కాజ్‌వే మునుగుతుంది. లంకల్లో నీరు చేరితే పాములు మెరక వెతుక్కుంటూ కొబ్బరి మట్టల కిందకు, ఇళ్ల దగ్గరకు వస్తాయి. మనం భయపడాల్సిన పాముల్లో రక్తపింజరి ఒకటి. దాని విషం రక్తం గడ్డకట్టే గుణాన్నే పోగొడుతుంది. చిగుళ్ల నుంచి, మూత్రంలో కూడా రక్తం పడవచ్చు.

రక్తం ఆ గుణాన్ని పోగొట్టుకుందో లేదో కనిపెట్టడానికి ఆసుపత్రిలో చేసే పరీక్ష చాలా తేలిక. పొడిగా, శుభ్రంగా ఉన్న కొత్త గాజు గొట్టంలో కాటు పడినవారి రక్తం కొద్దిగా పోస్తారు. కదపకుండా 20 నిమిషాలు ఉంచుతారు. తర్వాత ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డకడితే జారదు. నీళ్లలా జారిందా, విషం రక్తంలో పనిచేస్తోందని అర్థం. వెంటనే విరుగుడు మందు ఎక్కించాలి.

ఒక్క మాట. మొదటిసారి గడ్డకట్టిందని ఇంటికి వచ్చేయకండి. విషం ఆలస్యంగానూ పనిచేయవచ్చు. అందుకే ఈ పరీక్ష మళ్లీ మళ్లీ చేస్తారు. డాక్టరు పంపేదాకా ఆసుపత్రిలోనే ఉండండి.

పాము కాటేస్తే గట్టిగా కట్టు కట్టొద్దు. గాయం కోయొద్దు. మంత్రం కోసం ఆగొద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదపకుండా ఉంచి, 108కి ఫోన్ చేయండి. గుర్తుంచుకోండి, ముందు ఆసుపత్రి. ఏదైనా ఆ తర్వాతే.