మన మొఖాలు సిరా మరకలు కావొద్దు
(గౌడవెల్లిలో పత్రిక కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)

 

ఉపన్యాసాలు చానా విన్నరు. ఇయ్యాల ఒక పని గురించి మాట్లాడుకుందాం. ఫొటోను స్కాన్ చేసి పత్రికలకు ఎక్కించే పని. ఇది చిన్న పని అనుకోకుండ్రి.

చనిపోయిన ఒక పెద్దాయన ఫొటో మేము పత్రికలో ఏసినం. అచ్చయి వచ్చినంక చూస్తే తెల్ల అంగి ఉన్నది, రుమాలు ఉన్నది, మొఖం ఉండాల్సిన కాడ నల్ల మరక ఉన్నది. ఆయన బిడ్డ పత్రిక పట్టుకొచ్చి, "మా నాయిన యాడున్నడు సారూ?" అన్నది. మా దగ్గర జవాబు లేదు. తప్పు మాదే.

ఎందుకట్లయింది? అచ్చులో ఫొటో అంటే చుక్కలే. న్యూస్ ప్రింట్ కాగితం సిరాను పీలుస్తది, చుక్క ఉబ్బి పక్క చుక్కలో కలుస్తది. తెల్లతోలు మొఖం బతుకుతది, మన మొఖం మునుగుతది. యంత్రానికి కులం లేదంటరు. మరి ఎవరి మొఖం చూసి దాన్ని సరిచేసిండ్రు? కొడక్ కంపెనీ 1950ల నుంచి ల్యాబులకు తెల్ల పిల్ల బొమ్మ పంపి, దాన్ని చూసి రంగులు సరిచూసుకొమ్మన్నది. షర్లీ కార్డు అంటరు దాన్ని. చాక్లెట్ల కంపెనీలు, కుర్చీలు బల్లల కంపెనీలు మా సరుకు రంగు వస్తలేదన్నంకనే ఫిల్ము బాగుచేసిండ్రని అందులో పనిచేసినోళ్లే చెప్పిండ్రు. చెక్కకున్న విలువ నల్ల మనిషికి లేకపాయె!

అందుకే నేర్చుకుందాం. గ్రేస్కేల్‌లో 300 డీపీఐ పెట్టండ్రి. చిన్న ఫొటోను రెండింతలు పెద్దగ ఏయాలంటే 600 పెట్టండ్రి. లెవెల్స్‌లో నడిమి గుర్తును ఎడమకు జరపండ్రి. తెర మీద కొంచెం తెలుపనిపించినా సరే, సిరా మళ్ల నలుపు చేస్తది. ఇది మనిషిని తెల్లగ చేసుడు కాదు, కండ్లు, ముడతలు, నవ్వు కనపడేటట్లు చేసుడు. పేపర్ కటింగయితే డీస్క్రీన్ పెట్టండ్రి, లేకుంటే అలలు వస్తయి. ఫోన్ల ఫొటో వాట్సాప్‌లో పంపితే చిక్కిపోతది. డాక్యుమెంటుగ పంపుమనండ్రి.

ఇంకో మాట. ఇంట్ల ఉన్నది ఒక్కటే ఫొటో కావచ్చు. స్కాన్ చేసిన నాడే తిరిగి ఇచ్చి రండ్రి. ఇంటోళ్లను అడగకుండ అచ్చెయ్యొద్దు. కింద పేరు తప్పకుండ రాయండ్రి. అత్యాచారానికి గురైన ఆడబిడ్డ ఫొటో, పేరు మాత్రం ఎన్నటికీ ఏయొద్దు. చట్టమూ ఒప్పదు, మన మనసూ ఒప్పొద్దు.

1920 జనవరి 31న బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' పెట్టిండు, నోరు లేనోళ్లకు నోరయిండు. ఆ నోటికి మొఖం కూడా ఉండాలె. ఆ బిడ్డకు మేము బాకీ ఉన్నం. వచ్చే సంచికలో ఆమె నాయినను మళ్ల అచ్చేస్తం, ఈసారి కండ్లతోని.

జై భీమ్!