వాగ్యోధుని తొలి రికార్డు

కవులు ఎదురెదురుగా నిలిచి ఒకరినొకరు పద్యములతో అధిక్షేపించుకొనుట తెలుగు శ్రోతలకు క్రొత్త గాదు. తిరుపతి వేంకట కవులకును కొప్పరపు సోదర కవులకును నడచిన స్పర్ధను సాహిత్యప్రియులు నేటికిని కథలుగా చెప్పుకొనుచుందురు. అమెరికా దేశమున ర్యాప్ అను గానరీతియందు ఇట్టి వాగ్యుద్ధము ఒక ప్రత్యేక విద్యగా పెరిగినది. ఆ విద్యలో ఆరితేరిన యొక యువకుడు 1996లో వెలువరించిన తొలి పాటల రికార్డును గూర్చి నేడు ముచ్చటింతము. అది వెలువడిననాడు దానిని వినినవారు మిక్కిలి స్వల్పము.

ముందుగా ఈ విద్య పుట్టుకను గూర్చి రెండు మాటలు. 1973 ఆగస్టు 11న న్యూయార్కు నగరమున బ్రాంక్సు ప్రాంతమునందు కూల్ హెర్క్ అను యువకుడు ఒక విందులో రికార్డులను క్రొత్త పద్ధతిని వాయించెను. హిప్ హాప్ సంప్రదాయమునకు అదియే జన్మదినమని పలువురి యభిప్రాయము. రికార్డులు నడపువానిని డీజే యందురు. తాళమునకు కట్టి మాటలు పలుకువానిని ఎమ్సీ యందురు. తొలినాళ్ల ఎమ్సీలకు సభను హుషారు పరచుటయే ముఖ్యమైన పని. 1981లో హార్లెమ్ నందలి ఒక సభలో బిజీ బీ అను ఎమ్సీ అట్లే జనమును ఉర్రూతలూపి దిగగా, కూల్ మో డీ అనునతడు వేదిక నెక్కి, అతని శక్తినంతయు పరిహసించుచు ప్రాసలల్లి పాడెను. ఆ రాత్రి ముద్రితమైన క్యాసెట్టు చేతులు మారి ఊళ్లు తిరిగినది. అప్పటినుండి ఎమ్సీకి సభారంజనము చాలదు, ఎదుటివానిని గెలువవలెనను నియమము బలపడెను.

యుద్ధపద్ధతి సులభముగనే తెలియును. ఇరువురు నిలుతురు. ఒక్కొక్కరికి అరనిమిషమో నిమిషమో గడువు. ఎదుటివాని దుస్తులు, నడక, తడబాటు, అతడు ఇప్పుడే పలికిన మాట, అన్నియు సరకే. తీర్పు చాలవరకు జనఘోషయే. మన అవధాని ఎదుట పృచ్ఛకుడు చిక్కులు పెట్టినను శత్రువు కాడు. ఇచట చిక్కు పెట్టువాడే శత్రువు.

మన కథానాయకుని పేరు మార్షల్ మాథర్స్. 1972 అక్టోబరు 17న మిస్సోరి రాష్ట్రమున జన్మించి, తల్లితో అనేక తావులు తిరిగి, తుదకు మోటారు కార్లకు పేరొందిన డెట్రాయిట్ ప్రాంతము చేరెను. తొమ్మిదవ తరగతి మూడు మార్లు తప్పి, పదునేడవ యేట బడి మానెను. తన పేరునందలి రెండు ఎమ్ అక్షరములను కలిపి ఎమినెమ్ అని చెప్పుకొనెను. డెట్రాయిట్ నగరమునకు ఉత్తరపు హద్దు ఎనిమిదవ మైలు మార్గము. దానికి దక్షిణమున నల్లజాతివారు అధికముగాగల నగరము. ఉత్తరమున, ఆనాడు, తెల్లవారు అధికముగాగల శివారులు. ఈతడు తెల్లవాడు. నల్లజాతివారు కష్టములనుండి పుట్టించుకొనిన విద్యలో ఇతని కేమి పని యను ప్రశ్న ఆతనికంటె ముందుగా సభలో అడుగు పెట్టుచుండెను. ఆ ప్రశ్న అన్యాయమైనదని మేమనము.

ఏడవ మైలు మార్గమున మారిస్ మలోన్ అను దుస్తుల రూపకర్తకు హిప్ హాప్ షాప్ అను బట్టల దుకాణముండెను. శనివారములందు అచట ఎమ్సీలు చేరుచుండిరి. ఆ సభలను నడపిన ప్రూఫ్ అనునతడు ఎమినెమ్‌కు ప్రాణమిత్రుడు, తానును గొప్ప వాగ్యోధుడు. నల్లజాతి యువకులే అధికముగా నున్న ఆ దుకాణమున ఈ బక్కపలుచని తెల్లవాడు నెగ్గి మెప్పు వడసెను.

అట్టివాడు 1996 నవంబరు 12న ‘ఇన్ఫినిట్’, అనగా ‘అనంతము’, అను రికార్డును వెలువరించెను. బాస్ సోదరులు మార్క్, జెఫ్ అనువారు తమ చిన్న సంస్థ ద్వారా దానిని అచ్చు వేయించిరి. వాద్యభాగమును అధికముగా డెనాన్ పోర్టర్ కూర్చెను. అందు 11 భాగములు కలవు. పెద్ద కంపెనీల అండ లేని ఇట్టి రికార్డులను అచట అండర్‌గ్రౌండ్ రికార్డులందురు. క్యాసెట్టులు, గ్రామఫోను పళ్లెములు కలిపి సుమారు వేయి ప్రతులు మాత్రమే వచ్చినవి. వానిని కారు డిక్కీలో పెట్టుకొని, చేతులమీదుగా అమ్మవలసి వచ్చెను. అప్పటికి గాయకునికి ఇరువదినాలుగేండ్లు. ఇంట ఏడాది నిండని కుమార్తె. జీవనము ఒక భోజనశాలలో వంట పని.

రికార్డు పేరునే ధరించిన తొలిపాట మిగుల సొగసైనది. ఆంగ్లపద్యమున పాదముల చివర ఒక అక్షరము కలిసిన చాలు, అంత్యప్రాస కుదిరినట్లే. ఇతడు అంతటితో తృప్తిపడడు. నాలుగైదు అక్షరముల పదబంధమును గ్రహించి, అందలి అచ్చుల వరుసను నిలిపి, హల్లులను మార్చుచు, పాదమధ్యమునను, చివరను, మరుపాదమునందును దానినే మ్రోగించును. మన ప్రాసయందు హల్లు నిలువవలెను, అచ్చు మారినను దోషము లేదు. వీరి ప్రాసయందు అచ్చు నిలిచిన చాలు, హల్లు మారవచ్చును. ఈ భేదమును చెవిలో నుంచుకొనినచో ఆంగ్లము అంతగా రానివారికిని ఆ కూర్పులోని బిగువు తెలియును. ఊపిరి పట్టు సరేసరి.

ఇంత నేర్పుండియు రికార్డు ఏల నిలువలేదు? సభలో ప్రతిపక్షి కన్నుల యెదుట నుండును. ప్రతి మాటకును గురి కలదు. రికార్డునందు ఎదుట నెవరును లేరు. ఖడ్గము గాలిని నరికినట్లగును. అప్పుడు కావలసినది చెప్పదగిన సొంత సంగతి. పేదరికము, రేపటి ఆశ కొన్ని పాటలందు పలికినవి గాని, పలికిన గొంతు అరువు గొంతు. న్యూయార్కు కవులైన నాస్, ఏ.జెడ్. అనువారిని అనుకరించుచున్నాడని విన్నవారు అనిరి. తన రీతిని తానింకను వెదకికొనుచుండిన కాలమది యని తరువాత అతడే ఒప్పుకొనెను. మరియు, నచ్చజెప్పవలెనను మర్యాద ఈ రికార్డునందు ఎక్కువ. దుకాణమున ఎవరికిని జంకనివాడు ఇచట బుద్ధిమంతుడై కూర్చుండెను.

రెండవ భాగము పేరు రేడియో కేంద్రముల పేర్లవలె నాలుగు అక్షరములు, డబ్ల్యూ.ఇ.జి.ఒ. నిజమైన కేంద్రములు మాత్రము ఈ రికార్డును దాదాపు ముట్టలేదు. నీవు రాక్ అండ్ రోల్ ఏల పాడవని కొందరు డీజేలు సలహా నిచ్చిరట. రేడియోలో మాటలాడుచున్న మేము ఈ సంగతిని దాచుట న్యాయము గాదు.

ఆ పరాజయమునుండియే రెండవ మనిషి పుట్టెను. 1997 చివర వెలువడిన చిన్న రికార్డులో అతడు స్లిమ్ షేడీ అను దుష్టపాత్రను ధరించి, కత్తిని తనవైపే త్రిప్పెను. తన దారిద్ర్యము, తన రంగు, తన తప్పులు, ఎదుటివాడు అనదగిన సర్వమును ముందుగా తానే అనెను. ఇంక శత్రువునకు మాట ఏది మిగులును? 2002 నాటి ‘ఎయిట్ మైల్’ చలనచిత్రము చివరి వాగ్యుద్ధమున జరుగునది ఇదియే. ఆ పాత్ర నోట స్త్రీలనుగూర్చి వెడలిన పరుషములను మేము మెచ్చము. ఇంటిల్లిపాది కూర్చుండి వినదగినవి కావవి.

అదే 1997లో ఇల్లు ఖాళీ చేయవలసిన దుర్దశలో అతడు లాస్ ఏంజిలిస్ నగరమున ర్యాప్ ఒలింపిక్స్ అను పోటీకి వెళ్లి, రెండవ స్థానముతో తృప్తిపడవలసి వచ్చెను. బహుమానము చేజారినను, అతని క్యాసెట్టు ఒక పెద్ద కంపెనీవారి చేతికి, అటనుండి సంగీతకర్త డాక్టర్ డ్రే చెవికి చేరెను. 1999 ఫిబ్రవరిలో ‘ది స్లిమ్ షేడీ ఎల్.పి.’ వెలువడి, మరుసటి సంవత్సరము గ్రామీ బహుమతి నందుకొనెను.

నాటి ‘అనంతము’ ప్రతులను ఇప్పుడు సేకరించువారు వెదకి కొనుచున్నారు. 2016 నవంబరులో, ఇరువదియేండ్లు నిండిన సందర్భమున, తొలిపాటను క్రొత్త మెరుగులతో విడుదల చేసిరి. శనివారపు సభలు నడపిన ప్రూఫ్ అప్పటికి లేడు. 2006 ఏప్రిల్‌లో ఎనిమిదవ మైలు మార్గమునందలి యొక క్లబ్బులో అతడు తుపాకి దెబ్బకు మరణించియుండెను.