రేవునుబట్టి ఓడ



నేడు నేను మనవి చేయబోవునది కంప్యూటరును గురించిన విషయము. నేను దానిని నడుపనేర్చినవాడను కాను. మాది అనకాపల్లికి చేరువనున్న పల్లె. నాకు తెలిసినవి చెరకు, బెల్లము. అయినను యంత్రమెరిగిన పిల్లలొకవైపునను, పైకమీయవలసిన పెద్దలొకవైపునను గల యిండ్లు నేడు పెక్కులు కలవు. అట్టి పెద్దలకు నా యనుభవ ముపకరించునని చెప్పుచున్నాను.

నా మనుమరాలు గాజువాకలో నున్నది. ఇనుప కట్టడములకు కంప్యూటరుమీద పటములు గీసి యిచ్చుట ఆమె వృత్తి. గడచిన వేసవిలో ఆమె యంత్రము మందగించినది. పని యిచ్చువారు రెండుమారులు గడువు తప్పినందులకు మందలించి, మూడవమారు తప్పినచో పని వేరొకరి కిత్తుమనిరి. “తాతయ్యా, ప్రాసెసరు మార్చవలెను. రెండు చూచితిని. ఏది కొనవలెనో తేలకున్నది” అని ఆమె నాయొద్దకు వచ్చినది. నాయొద్ద బెల్లమమ్మిన సొమ్మున్నది గాని, అది తొలకరిలోగా ఇంటి పైకప్పు బాగుచేయుటకై దాచినది.

ప్రాసెసరనగా కంప్యూటరులో లెక్కలన్నియు చేయు చిన్న బిళ్ల. 1971 జనవరి 20వ తేదీన ఇందిరాగాంధీ విశాఖ ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. ఆ యేడే నవంబరులో అమెరికాలో ఇంటెల్ సంస్థ 4004 అను ప్రాసెసరును లోకమునకు చూపినది. అందలి ట్రాన్సిస్టరులు సుమారు 2300. నేటి బిళ్లలలో అవి వేయికోట్లకు మించి యుండుటయు కలదు.

మా మనుమరాలు చూచిన రెండింటిలో నొకటి ఎ.ఎం.డి. వారి రైజెన్ 5 5600జి, 2021లో వచ్చినది. రెండవది ఇంటెల్ వారి కోర్ ఐ5 12400, 2022లో వచ్చినది. “పన్నెండువేలు పెద్దదా, అయిదువేలు పెద్దదా? పెద్దదే కొనుము” అంటిని. ఆమె నవ్వి, “అవి సంతలోని తూకములు కావు తాతయ్యా, పేరులు మాత్రమే” అన్నది. నిజమే. రెండు సంస్థలవారు ఎవరి వరుసలో వారు పెట్టుకొన్న అంకెలను ఒకదానితో నొకటి సరిచూడరాదు.

లోపల చూడగా రెండింటికిని ఆరేసి కోర్లు. కోరనగా పనివాడని తలపుడు. ఒక్కొక్కడు రెండేసి పనులను చేపట్టగలడు. విడివిడిగా ఒక్కొక్క పనివాని చురుకుదనమున ఇంటెల్‌దే కొంత మిన్న. పటములు గీయునప్పుడు భారము చాలవరకు ఒక్క పనివానిపైననే పడును గనుక, ఆ బిళ్లయే కొనవలెనని ఆమెకు తోచినది. ఆ తలపు తప్పు కాదు.

అయితే బిళ్ల యొంటరిగా పనిచేయదు. దాని నమర్చు పలకను మదరుబోర్డందురు. విశాఖ రేవు 1933లో తెరువబడినది. లోపలి రేవునకు రాలేని భారీనౌకలకొరకు 1976లో వెలుపలి రేవు ఏర్పడినది. ఓడ గొప్పదగుట చాలదు. దానికి తగిన రేవుండవలెను. మా మనుమరాలి పలకపైనున్న గూడు ఎ.ఎం.డి. వారి ఎ.ఎం.4 అనునది. ఇంటెల్ బిళ్ల కందు చోటు లేదు. దానికి 1700 స్పర్శలు గల వేరొక గూడు కావలెను. అనగా బిళ్లతోపాటు పలకయు క్రొత్తది కొనవలసినదే.

అప్పుడు నేనొక మాట యడిగితిని: “బండి నిలిచినప్పుడు అలసినది ఎద్దా, విరిగినది ఇరుసా?” ఆమె పెద్ద పటము తెరచి, యంత్రము చూపు లెక్కలు పరికించినది. ప్రాసెసరుకు కొంత తీరిక యున్నది. ర్యామను తాత్కాలిక జ్ఞాపకస్థానము మాత్రము నిండిపోయినది. అది ఎనిమిది జీబీలే. అది నిండినప్పుడు యంత్రము సరకును డిస్కుమీదికి త్రోసి, మరల తెచ్చుకొనుచుండును. ఆలస్యమునకు ముఖ్యకారణ మిదియే. కావున ముందుగా ర్యామును ముప్పదిరెండు జీబీలు చేయించితిమి. పాత ప్రాసెసరు నాలుగు కోర్లదే గనుక, పాత పలకపైననే 5600జిని గూడ పెట్టించితిమి. పలక కొననక్కరలేక మిగిలిన సొమ్ముతో పైకప్పు పని తొలకరికి ముందే ముగిసినది. ఆమె పటములు గడువులోగా చేరినవి.

రెండు జాగ్రత్తలు చెప్పి ముగించెదను. మొదటిది అక్షరమును గురించి. 5600జిలోని జి అను అక్షరము తెరపై బొమ్మ చూపు శక్తి బిళ్లలోనే కలదని తెలుపును. జి లేని 5600కు గాని, ఎఫ్ అక్షరము గల 12400ఎఫ్‌కు గాని ఆ శక్తి లేదు. వేరొక గ్రాఫిక్స్ కార్డు లేనిచో తెర చీకటిగానే యుండును. రెండవది కరెంటును గురించి. పాత పలక క్రొత్త బిళ్లను గుర్తించుటకు దానిలోని బయాస్ అను ప్రోగ్రామును ముందుగా మార్చవలసి రావచ్చును. ఆ మార్పు జరుగుచుండగా కరెంటు పోయినచో పలకయే పనికిరాకుండ పోవచ్చును. యూపీఎస్ పెట్టుకొని మాత్రమే ఆ పనికి పూనుకొనవలెను.

పలకయే లేక సమస్తమును క్రొత్తగా కొనువారికి ఈ తీర్పు మారవచ్చును. ఇంటెల్ బిళ్లను నిరాకరించుట నా యభిమతము కాదు. పిల్లలు యంత్రమునకై పైక మడిగినప్పుడు, కాదనుటకు ముందును, ఔననుటకు ముందును మూడు ప్రశ్నలు వేయుడు: చేయు పని ఏది? అలసిన భాగమేది? ఇంట నున్నదానిలో ఇంకను పనికివచ్చున దేది? ఈ మూటికిని యంత్రజ్ఞానము కంటె సంసారజ్ఞానమే యెక్కువ కావలెను. అది మీయందు కొరత లేదు.

సెలవు.